రెండు సమాజాలను పోల్చే ముందు ఏం సరిచూసుకోవాలి? – సాంస్కృతిక మానవశాస్త్రం, పరిచయ చర్చ

#1 · సందేహాలపుట్ట

మానవశాస్త్రం పరిచయ పాఠాల్లో సంస్కృతి నిర్వచనం, సహభాగి పరిశీలన, సాంస్కృతిక సాపేక్షత వరకు బండి బాగానే నడుస్తుంది. ‘మూడు సమాజాలను తీసుకుని పోల్చండి’ అన్నప్పుడే చిక్కంతా. అందరూ ఒక పట్టిక గీస్తారు. నిలువు వరసల్లో సమాజాలు, అడ్డ వరసల్లో పెళ్లి, కుటుంబం, పని, ఆస్తి, అధికారం. గళ్లు నిండిపోతాయి. ఒక అడ్డ వరసలో పడ్డ మూడు గళ్లూ నిజంగా ఒకే సంగతి చెబుతున్నాయా అని చూసేవాళ్లు మాత్రం తక్కువ.

పట్టిక గీయకముందు ఏమేం తేల్చుకోవాలి, ఎక్కడెక్కడ బోల్తా పడతాం, ఎందుకు? ఉదాహరణలు, అంకెలు ఇచ్చి రాయండి. ‘అన్ని సంస్కృతులూ సమానమే’ అన్న మాటతో ఎవరూ తప్పించుకోవద్దు.

#2 · చిత్తుపుస్తకం

ఈ తగువు 1887 నాటిది. వాషింగ్టన్ మ్యూజియంలో ఓటిస్ మేసన్ వస్తువులను రకాలవారీగా పేర్చారు. ఏ జాతివైనా సరే, ఒక రకం పనిముట్లన్నీ ఒక చోట, వాయిద్యాలన్నీ ఇంకో చోట. మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ దీన్ని తప్పుపట్టారు. ఆయన ఎత్తిచూపిన వస్తువు గిలక్కాయ. చప్పుడు చేయాలన్న ఆలోచనతోనే అది పుట్టిందని ఎలా అంటాం? ఒకచోట దయ్యాలను పిలవడానికో తోలడానికో పుట్టి ఉండొచ్చు, ఇంకోచోట పిల్లల ఆటకు పుట్టి ఉండొచ్చు. చూపులకు ఒకటే, వెనక ఉన్న కారణాలు వేరు. పక్కపక్కన పెడితే అవి ఒకే వంశపు అన్నదమ్ముల్లా కనబడతాయి, కానీ కావు. 1896లో ఆయన రాసిన వ్యాసం సారాంశం కూడా ఇదే: ఒకే ఫలితం వేర్వేరు దారుల్లో రావచ్చు కాబట్టి, పోలిక కనబడగానే కారణం కూడా ఒకటేనని అనుకోకూడదు.

మీ పట్టికలో ‘పెళ్లి’ అన్న అడ్డ వరస అచ్చం ఆ గిలక్కాయే. బ్రిటిష్ మానవశాస్త్రవేత్తలు ఫీల్డ్‌వర్క్ కోసం వాడే కరదీపికలో, 1951 కూర్పులో, పెళ్లికి ఒక నిర్వచనం ఉంది: ఒక మగ, ఒక ఆడ మధ్య బంధం, ఆ స్త్రీకి పుట్టిన పిల్లలు ఇద్దరికీ చట్టబద్ధ సంతానమని గుర్తింపు ఉండాలి. చదవడానికి నిక్కచ్చిగానే ఉంది. దక్షిణ సూడాన్‌లోని నూయెర్ల దగ్గర ఇది నిలవదు. అక్కడ పిల్లలు లేని స్త్రీ పశువులు చెల్లించి ఇంకో స్త్రీని పెళ్లాడవచ్చు. ఆ భార్యకు పుట్టిన పిల్లలకు ‘తండ్రి’ ఆ పెళ్లాడిన స్త్రీయే. చనిపోయిన మగవాడి పేరు మీద చేసే పెళ్లీ ఉంది. ఇవన్నీ ఇవాన్స్-ప్రిచర్డ్ నమోదు చేసినవే. కేరళ నాయర్ల పాత పద్ధతిని పట్టుకుని కాథలీన్ గఫ్ 1959లో ఇదే నిర్వచనాన్ని మళ్లీ విప్పి కూర్చాల్సి వచ్చింది.

ఎడ్మండ్ లీచ్ 1955లో చెప్పిన ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది. పెళ్లి అనేది ఒక వస్తువు కాదు, హక్కుల మూట. పిల్లలు ఎవరికి చెందుతారు, ఇంటి చాకిరీ మీద ఎవరికి హక్కు, ఆస్తి మీద ఎవరికి, లైంగిక హక్కు ఎవరిది, ఇద్దరి పుట్టిళ్ల మధ్య ఏ బంధం ఏర్పడుతుంది – ఇలా ఆయన పది లెక్కపెట్టారు. ఏ సమాజంలోనూ అన్ని హక్కులూ ఒకే బంధంలో ఉండవు. అందుకని ‘పెళ్లి’ అని ఒక్క వరస రాయకండి. కనీసం ఐదు వరసలుగా చీల్చండి. పోలిక అప్పుడు మొదలవుతుంది.

#3 · వంశవృక్షం

చిత్తుపుస్తకం గారు చెప్పినదానికి తోడు బంధుత్వం. ఇక్కడ నిర్వచనంకంటే ముందు ప్రశ్న అడిగే తీరులోనే తప్పు దొర్లుతుంది.

1898లో టారెస్ జలసంధికి వెళ్లిన కేంబ్రిడ్జి బృందంలో డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ వాడిన వంశావళి పద్ధతి నేటికీ ప్రాథమిక పనిముట్టు. దాని కిటుకు చాలా చిన్నది: ప్రశ్నల్లో తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య అన్న ఐదారు మాటలే వాడాలి. ‘మీ మామయ్యలు ఎవరు?’ అని అడగకూడదు. ‘మీ అమ్మను కన్న తల్లి పేరేంటి? ఆమెకు పుట్టిన మిగతా బిడ్డలెవరు, పెద్ద నుంచి చిన్న వరకు?’ అని అడగాలి. మనిషి తర్వాత మనిషిగా చెట్టు గీసుకున్నాక రెండో విడత మొదలవుతుంది. ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి, ‘ఈయన మీకు ఏమవుతారు? ఆయన మిమ్మల్ని ఏమని పిలుస్తారు?’ అని అడగాలి.

గీతలకు గుర్తులు: మగవారికి త్రికోణం, ఆడవారికి వృత్తం, పెళ్లికి సమాన గుర్తు, విడిపోతే దాని మీద అడ్డ గీత, చనిపోతే బొమ్మ మీద ఏటవాలు గీత. ఎవరి వైపు నుంచి లెక్కిస్తున్నామో ఆ మనిషి బొమ్మను నల్లగా నింపాలి. ఆ నల్లబొమ్మ ఆడదో మగవాడో రాయకపోతే సగం పదాలకు విలువ పోతుంది. చాలా భాషల్లో చెల్లెలి కొడుకును అన్న ఒకలా, అక్క ఒకలా చెబుతారు. ఎదురుగా పిలిచే పదం, పరోక్షంలో చెప్పే పదం వేర్వేరు గళ్లలో రాయాలి. ఈ రెండూ కలిపేయడం అన్నింటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

పదావళి ఏ రకమో తేల్చడానికి అన్ని పదాలూ అక్కర్లేదు. సొంత తోబుట్టువులు, నాన్న అన్నదమ్ముల పిల్లలు, నాన్న అక్కచెల్లెళ్ల పిల్లలు, అమ్మ అన్నదమ్ముల పిల్లలు, అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలు – ఈ ఐదు గుంపులను ఏమంటారో చూస్తే చాలు.

అందరికీ తోబుట్టువుల పదమే అయితే హవాయి రకం. తోబుట్టువులు వేరు, మిగతా నాలుగు గుంపులకూ ఒకే పదం అయితే ఎస్కిమో రకం, ఇంగ్లీషు ఇదే. ఎవరి పదం వారిదైతే సూడానీ రకం. పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్నిల పిల్లలు తోబుట్టువులతో కలిసి, మేనత్త మేనమామల పిల్లలు విడిగా ఉంటే ఇరొక్వా రకం లేదా ద్రావిడ రకం. మిగిలిన రెండూ తరాలను దాటేస్తాయి. క్రో రకంలో మేనత్త కూతురు కూడా మేనత్తే, మేనత్త కొడుకు ‘నాన్న’. ఒమాహా రకం దానికి అద్దంలో బొమ్మ: మేనమామ కొడుకు కూడా మేనమామే, మేనమామ కూతురు ‘అమ్మ’.

తెలుగు చదువరికి ఇక్కడ ఒక అనుకూలం ఉంది, ఒక గొయ్యీ ఉంది. మేనత్త మేనమామల పిల్లలు (మేన), తోబుట్టువులతో కలిసిపోయే మిగతావారు (ఇక్కడ జ్ఞాతి అందాం) అన్న తేడా మన పదాల్లోనే ఉంది కాబట్టి ఇరొక్వా పట్టిక చూడగానే ‘ఇది మనదే’ అనిపిస్తుంది. మొదటి మెట్టు వరకు నిజమే. రెండో మెట్టు బంధువుల దగ్గర రెండూ విడిపోతాయి. ద్రావిడ లెక్కలో మేన సంబంధం పై తరం నుంచి గుణించుకుంటూ వస్తుంది. ఇరొక్వా లెక్కలో నా తల్లి లేక తండ్రి, అవతలివారి తల్లి లేక తండ్రి – ఆ ఇద్దరూ ఆడా మగా అయితే మేన, ఒకే లింగం అయితే జ్ఞాతి. లౌన్స్‌బరీ 1964లో ఈ తేడాను విడమరిచారు. అంతవరకు పెద్దపెద్దవాళ్లు కూడా రెండింటినీ ఒకే గాటన కట్టారు.

#4 · నేలమీద

వంశవృక్షం గారి పద్ధతికి ఒక హెచ్చరిక. చనిపోయినవారి పేరు పలకకూడదన్న నియమం ఉన్నచోట అది మొదటి రోజే చెడుతుంది. ఆస్ట్రేలియా ఆదివాసీ సమాజాల్లో చాలా చోట్ల ఈ నియమం ఉంది. అమెజాన్ అడవుల్లోని యానొమామి మధ్య నెపోలియన్ షాన్యన్ వంశావళులు రాసుకుంటుంటే, ఊరివాళ్లు సరదాకి బూతు పేర్లు, లేని పేర్లు కల్పించి చెప్పారు. పక్క ఊళ్లో ఆ పేర్లు పలికినప్పుడు జనం విరగబడి నవ్వితే గానీ తెలియలేదు. అప్పటికి దాదాపు ఐదు నెలల పని బూడిదలో పోసిన పన్నీరు. తర్వాత ఆయన పట్టుకున్న దారి: ఒక వంశం పేర్లు ఆ వంశంవాళ్లను కాక వాళ్లంటే పడనివాళ్లను అడగడం. సమాచారం దక్కింది, ఆ దారి మర్యాదస్తుల పనేనా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. పేర్లు నిషిద్ధమైతే పేర్లు వదిలేసి ‘మొదటి కొడుకు’, ‘రెండో కూతురు’ అని అంకెలతో రాసుకోవచ్చు. పదావళికి పేర్లతో పని లేదు.

#5 · గణాంకి

ఇంతవరకు అందరూ ఒక్కో సమాజాన్ని భూతద్దంలో చూస్తున్నారు. వందల సమాజాలను కలిపి చూసినప్పుడు నిర్వచనం తేడా అంకెల్లో ఎంత పెద్దగా పడుతుందో చూడండి.

ప్రపంచ సమాజాల ఆచారాలను కోడ్‌లుగా (అంకెలుగా) మార్చి జార్జ్ మర్డాక్ కూర్చిన పట్టిక, ఎథ్నోగ్రాఫిక్ అట్లాస్ నుంచి తరచు ఎత్తి చూపే లెక్క: 1,231 సమాజాల్లో ఒకే భార్య పద్ధతి 186, అరుదుగా బహుభార్యాత్వం 453, తరచుగా బహుభార్యాత్వం 588, బహుభర్తృత్వం 4. దీన్ని చూసి ‘బహుభర్తృత్వం ప్రపంచంలో నాలుగే చోట్ల ఉంది’ అని పాఠాల్లో రాసేస్తారు. మర్డాక్ దృష్టిలో అది ఆ సమాజంలో మెచ్చుకునే, వాడుకలో ఉన్న రూపమైతేనే లెక్క. 2012లో స్టార్క్‌వెదర్, హేమ్స్ ‘సమాజం ఒప్పుకునే బంధంగా కొందరిలోనైనా ఉంటే చాలు’ అన్న తీరులో వెతికారు. హిమాలయ ప్రాంతాన్ని మినహాయించి మరో 53 సమాజాలు తేలాయి. ప్రపంచం మారలేదు, గడి మీద ఉన్న పేరు మారింది.

ఇంకో మెలిక. 1,231లో 588 అంటే ఆ సమాజాల్లో మగవాళ్లంతా ఇద్దరేసి భార్యలతో ఉన్నారని కాదు. అట్లాస్ లెక్కపెట్టేది సమాజాలను, మనుషులను కాదు. కొన్ని వందలమంది ఉన్న గుంపుకూ కోట్లమంది ఉన్న దేశానికీ ఒక్కటే గడి.

#6 · సందేహాలపుట్ట

అయితే ఆ ‘ఒక సమాజం’ అన్నదాన్ని ఎక్కడ కోస్తారు? గడికి ఒకటి అన్నప్పుడు ఆ ఒకటి ఎవరు నిర్ణయించారు?

#7 · పొలిమేర

అసలు ముడి అక్కడే ఉంది. బర్మా కొండల్లో కాచిన్‌ల గురించి లీచ్ 1954లో రాసింది దీనికి బాగా సరిపోతుంది. ఒకే కొండ ప్రాంతంలో గుమ్లావ్ పద్ధతిలో పెద్దరికాలు ఒప్పుకోని ఊళ్లున్నాయి, గుమ్సా పద్ధతిలో దొరలు, అంతస్తులు ఉన్న ఊళ్లున్నాయి, లోయలో వరి పండించే షాన్ రాజ్యాలున్నాయి. భాషలు ఒక దానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక పద్ధతిలో ఉన్న ఊరు కాలక్రమంలో ఇంకో పద్ధతికి జారుతుంది. ఒకే కుటుంబంలో కాచిన్‌లమనేవారూ షాన్‌లమనేవారూ కనబడతారు. ఇప్పుడు మీ పట్టికలో ‘కాచిన్ – రాజకీయ వ్యవస్థ’ అన్న గడిలో ఏం రాస్తారు?

దీనికి దొరికిన ఆచరణయోగ్యమైన మార్గం, సమాజం మొత్తాన్ని కాక ఒక చోటును, ఒక కాలాన్ని పట్టుకోవడం. మర్డాక్, డగ్లస్ వైట్ 1969లో కూర్చిన 186 సమాజాల ప్రామాణిక శాంపిల్‌లో ప్రతిదానికీ ఇలా మేకు కొట్టారు. పాపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ అంటే మొత్తం ద్వీపాలు కాదు, కిరివినా, 1914. రోమన్లు అంటే క్రీ.శ. 110 ప్రాంతపు రోమ్ నగరం. బాబిలోనియన్లు అంటే క్రీ.పూ. 1750 నాటి బాబిలోన్. ఆ తేదీకి, ఆ చోటికి దూరంగా ఉన్న సమాచారం ఎంత ఆసక్తికరమైనదైనా ఆ గడిలోకి రానివ్వకూడదు.

విద్యార్థులు చేసేదేమిటంటే, ఒక గడికి 1900 నాటి యాత్రికుడి మాట, పక్క గడికి 1960 నాటి సర్వే, ఇంకో గడికి నిన్నటి వార్త. ఒకే సమాజం పేరు కింద మూడు కాలాలు. అలా అతికించిన మనిషి ఎక్కడా బతికి ఉండడు.

#8 · గణాంకి

పొలిమేర గారు చెప్పిన మేకు సగం పనే చేస్తుంది. మిగతా సగం గాల్టన్ సమస్య.

1888లో ఎడ్వర్డ్ టైలర్ 300కు పైగా సమాజాల వివరాలు కూర్చి ఒక లెక్క చదివారు (అచ్చయింది 1889లో). అల్లుడు అత్తారింటికి కాపురానికి వెళ్లే చోట, అల్లుడూ అత్తవైపువారూ ఒకరినొకరు తప్పించుకుని తిరిగే ఆచారం కాకతాళీయంగా అయితే 9 చోట్ల కలవాలి, నిజానికి 14 చోట్ల కలిసింది. కాబట్టి రెంటికీ సంబంధం ఉందన్నారు. ఆ సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సిస్ గాల్టన్ ఒకే ప్రశ్న వేశారు: ఈ 14లో ఎన్ని ఒకదాన్నుంచి ఇంకొకటి నేర్చుకున్నవి? ఒకే మూలం నుంచి చీలినవి ఎన్ని? అవి నకళ్లయితే 14 సాక్ష్యాలు కావు, ఒకే సాక్ష్యాన్ని 14 సార్లు చదవడం.

దీనికి మూడు మందులున్నాయి. ఒకటి, దూరదూరంగా ఉన్న సమాజాలనే ఎంచడం. 186 శాంపిల్ ఉద్దేశం అదే, కానీ పూర్తిగా నెరవేరలేదు. అందులోనూ ఇరుగుపొరుగువి ఒకదాన్నొకటి పోలి ఉంటాయని కూర్చినవాళ్లే పరీక్షించి చెప్పారు. రెండు, దూరాన్ని, భాషా బంధాన్ని లెక్కలో భాగం చేయడం. మూడు, భాషల వంశవృక్షం మీద మార్పులు ఏ కొమ్మ దగ్గర జరిగాయో చూడటం. హోల్డెన్, మేస్ 2003లో ఆఫ్రికాలోని 68 బంటూ, బంటాయిడ్ భాషల సమాజాలపై ఇదే చేశారు. పశువులు వచ్చిన కొమ్మల్లో మాతృవంశ పద్ధతి (తల్లి వైపు నుంచి వంశం లెక్కించడం) నిలవడం కష్టమైందని తేలింది. ఇక్కడ లెక్కపెట్టింది సమాజాలను కాదు, మార్పులను. గాల్టన్ ప్రశ్నకు సూటి జవాబు ఇలాంటిదే.

#9 · చిత్తుపుస్తకం

లెక్కలు చక్కగానే ఉన్నాయి గణాంకి గారూ. ఆ గళ్లు నింపింది ఎవరు? ఒక సమాజం మధ్య ఉండి దాని గురించి రాసిన ఎవరో ఒక ఎథ్నోగ్రాఫర్ కళ్లకు కనబడ్డదే మీ డేటా.

మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1915 నుంచి 1918 వరకు రెండు విడతలుగా ట్రోబ్రియాండ్‌లో ఉన్నారు, భాష నేర్చుకున్నారు, ఊళ్లోనే గుడారం వేశారు. కులా మార్పిడి గురించి ఆయన రాసినంత వివరంగా అంతకుముందు ఎవరూ రాయలేదు: ఎర్ర గవ్వల హారాలు ద్వీపాల చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కున, తెల్ల గవ్వ దండకడియాలు ఎదురు దిక్కున, మామూలు బేరసారాలకు వేరే పేరు. అంత నిశితంగా చూసిన మనిషి పక్కనే జరుగుతున్న ఆడవాళ్ల సంపద లావాదేవీలను పెద్దగా పట్టించుకోలేదు. 1970లలో అనెట్ వైనర్ అక్కడికి వెళ్లి, చావు తర్వాత జరిగే పంపకాల్లో స్త్రీలు అరటి ఆకులతో చేసిన కట్టలను వేలకొద్దీ పంచడం, దానికోసం మగవాళ్ల సంపద ఖర్చు కావడం నమోదు చేశారు. 1976లో ఆమె పుస్తకం వచ్చాక, ‘ట్రోబ్రియాండ్ – ఆర్థిక వ్యవస్థ’ గడిలో 50 ఏళ్లుగా సగమే ఉందని అర్థమైంది. 186లో ఎన్ని గళ్లు అలాంటివి?

#10 · గణాంకి

ఒప్పుకుంటాను. దీన్ని కూడా కొలవొచ్చు అన్నదే నా వాదన. రావుల్ నరోల్ 1962లో చేసింది అదే: రాసినవాళ్లు అక్కడ ఎన్నాళ్లున్నారు, భాష వచ్చా రాదా అన్నవాటిని కూడా కోడ్ చేశారు. ఏడాదికి పైగా ఉన్నవాళ్ల రచనల్లో చేతబడి ప్రస్తావన ఎక్కువగా, తక్కువ కాలం ఉన్నవాళ్లలో తక్కువగా కనబడింది. అంటే ‘చేతబడి నమ్మకం లేదు’ అన్న గడి చాలాసార్లు ఆ సమాజం గురించి కాదు, పరిశోధకుడు తొందరగా తిరుగు ప్రయాణం కట్టడం గురించి.

#11 · గడియారం

పని గంటల గురించి ఎవరూ ఎత్తలేదు. పోలికల్లో ఇంతగా దారితప్పించిన అంకె మరొకటి లేదు.

1964లో రిచర్డ్ లీ కలహారీలోని డోబె దగ్గర, వేటాడి ఏరుకుని బతికే కుంగ్ జనం పనిని 28 రోజులు లెక్కపెట్టారు. పెద్దవాళ్లు వారానికి సగటున 2.4 రోజులు తిండి కోసం వెళ్తున్నారు, మొత్తం 12 నుంచి 19 గంటలు. 1966లో మార్షల్ సాలిన్స్ దీన్నీ, ఆస్ట్రేలియా ఆర్న్‌హెమ్ లాండ్ అంకెలనూ కలిపి వేటాడి, ఏరుకుని బతికేవాళ్లదే తొట్టతొలి సంపన్న సమాజం అన్నారు. అప్పటినుంచి ఆ ‘వారానికి 15 గంటలు’ ఊరేగుతూనే ఉంది.

గడిలో ఉన్న మాట ఏమిటి? ‘పని’. కొలిచింది ఏమిటి? తిండి తేవడానికి బయట గడిపిన సమయం. వాళ్లు తినే మొంగోంగో గింజ పగలగొట్టడం బయట పని కాదు, నిప్పు దగ్గర కూర్చుని చేసేది, చాలాసేపు పడుతుంది. లీ 1979లో తన డేటాను మళ్లీ విడగొట్టి ఇచ్చారు: తిండి సంపాదన 17.1 గంటలు, పనిముట్ల తయారీ, మరమ్మతు 6.3, ఇంటిపని 18.9. మొత్తం 42.3. మగవాళ్లకు 44.5, ఆడవాళ్లకు 40.1. పిల్లల పెంపకం ఇందులో లేదు. అదే మనిషి, అవే రోజులు. 17 కూడా నిజమే, 42 కూడా నిజమే. ఫ్యాక్టరీ కార్మికుడి వారానికి 40 గంటల జీతపు పని పక్కన 42 పెడితే అన్యాయం, ఎందుకంటే కార్మికుడి వంట, బట్టలుతకడం ఆ 40లో లేవు. ఒకవైపు ఇంటిపని కలిపి, ఇంకోవైపు కలపకుండా పోల్చడం జరుగుతోంది.

కాలం సంగతి కూడా ఉంది. 28 రోజులూ వానల్లేని ఒకే రుతువులోవి. ఆర్న్‌హెమ్ లాండ్ అంకెల్లో ఒక గుంపు అయితే తొమ్మిదిమంది పెద్దవాళ్లు, రెండు వారాలు. పిల్లలు లేరు, ముసలివాళ్లు లేరు. మోయాల్సిన నోళ్లు లేని గుంపుకు తీరిక ఉండటంలో ఆశ్చర్యమేముంది?

సరిగ్గా కొలవాలంటే ఆలెన్ జాన్సన్ 1975లో పెరూలోని మచిగెంగా గ్రామం నుంచి ఇచ్చిన హఠాత్ సందర్శన పద్ధతి చూడండి. ఉదయం 6 నుంచి రాత్రి 8 వరకు అనుకుందాం. లాటరీ తీసి ఇల్లు, రోజు, గంట ముందే రాసుకోవాలి. ఆ వేళకు వెళ్లి, వాళ్లు మిమ్మల్ని చూసి పని ఆపకముందు ఏం చేస్తున్నారో అది రాయాలి. పలకరింపు తర్వాత. ఇంట్లో లేనివాళ్ల గురించి ‘పొలానికి వెళ్లాడు’ అని ఎవరైనా చెబితే దాన్ని ‘విన్నది’ అని గుర్తుపెట్టి, ‘చూసింది’తో కలపకూడదు.

ఎన్నిసార్లు వెళ్లాలి? 400 పరిశీలనల్లో 20 శాతం వంట అని వస్తే, పొరపాటు హద్దు అటూ ఇటూ దాదాపు 4 శాతం. 14 గంటల రోజులో 2.8 గంటల వంట, అటూ ఇటూ 33 నిమిషాలు. ఒకే ఇంటికి పదేపదే వెళ్తాం కాబట్టి అసలు పొరపాటు ఇంకాస్త ఎక్కువే. ఐదు శాతం కంటే తక్కువ సమయం తీసుకునే పనుల గురించి 400తో గట్టిగా ఏమీ చెప్పలేం. రాత్రి పనులు – చేపల వేట, పసిబిడ్డలను చూసుకోవడం – ఈ పద్ధతికి చిక్కవు. పరిశీలనలను కనీసం నాలుగు రుతుభాగాలకు సమంగా పంచకపోతే లీ అంకెకు వచ్చిన తిప్పలే మీకూ వస్తాయి.

#12 · నేలమీద

అయితే సాలిన్స్ చెప్పింది అబద్ధమంటారా? ఆయన అసలు వాదన గంటల గురించి మాత్రమే కాదు కదా. కోరికలు తక్కువైతే కొరత అన్న భావనే మారుతుందన్నారు.

#13 · గడియారం

ఆ వాదన వేరే పరీక్షకు నిలవాలి. దానికి గంటల లెక్క సాక్ష్యం కాదు. వాళ్ల దృష్టిలో ‘చాలు’ అంటే ఏమిటో వాళ్ల మాటల్లోనే సేకరించాలి. కెన్నెత్ పైక్ 1954లో ఎమిక్, ఎటిక్ అని విడదీసింది ఇందుకే: లోపలివాళ్ల విభజన ఒకటి, బయటి కొలబద్ద ఒకటి. గంటలు ఎటిక్. తీరిక ఎమిక్. ఒకదానితో ఇంకోదాన్ని నిరూపించలేం.

#14 · పొలిమేర

ప్రయోగాలతో పోల్చేవాళ్లకూ ఇదే దెబ్బ తగిలింది. అల్టిమేటం ఆటలో ఒకరికి డబ్బు ఇచ్చి, రెండోవారికి ఎంత ఇస్తావో చెప్పమంటారు. రెండోవారు కాదంటే ఇద్దరికీ సున్నా. 2001లో ప్రచురించిన పరిశోధనలో 15 చిన్న సమాజాల్లో ఆడించారు. సగటు వాటా పెరూలోని మచిగెంగాల్లో 26 శాతం, ఇండోనేషియాలో తిమింగిలాలు వేటాడే లమలెరాలో 58 శాతం. పాపువా న్యూగినీలోని ఔ, న్యావ్ జనంలో కొందరు సగానికి మించి ఇస్తానన్నా వద్దన్నారు. పిచ్చా? కాదు. అక్కడ అడగకుండా వచ్చిన కానుక అంటే తీర్చాల్సిన బాకీ, కిందుచేసే పని. ఆట నియమాలు 15 చోట్లా ఒకటే, ఆడినవాళ్లు ఆడింది ఒకే ఆట కాదు.

అంకె తీసుకొచ్చాక ‘ఇది మీ రోజువారీ బతుకులో దేనిలా ఉంది?’ అని అడిగే పది నిమిషాలు ఆదా చేసుకుంటే ఆ అంకెకు అర్థం చెప్పేవాళ్లు ఉండరు.

#15 · వంశవృక్షం

చిన్న సవరణ, ఎనిమిదో టపా చదివి ఎవరైనా పొరబడతారేమోనని. మాతృవంశం అంటే ఆడవాళ్ల పెత్తనం కాదు. వంశం పేరు, ఆస్తి ఎవరి ద్వారా దిగుతాయన్నది ఒక వరస. కాపురం ఎవరింట్లో అన్నది రెండోది. నిర్ణయం ఎవరిదన్నది మూడోది. ట్రోబ్రియాండ్‌లో వంశం తల్లి నుంచి, కాపురం మాత్రం మగవాడి వైపు, అధికారం తల్లి అన్నదమ్ములది. మూడు గళ్లలో మూడు జవాబులు. ఒక గడి చూసి మిగతా రెండూ ఊహించకండి.

#16 · సందేహాలపుట్ట

ఫీల్డ్‌వర్క్ అవకాశం లేదు, లైబ్రరీ ఉంది, చేతిలో మూడు వారాలున్నాయి అనుకుందాం. పోలిక ఎలా మొదలుపెట్టాలి?

#17 · గణాంకి

ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి, అందులో కొలవగలిగే మాటలు రెండు మించకూడదు. ‘కాపురం ఎవరింట్లో అన్నదాన్ని బట్టి విడాకుల తేలిక మారుతుందా’ – సరిపోతుంది. ‘కుటుంబ వ్యవస్థ మీద ఆర్థిక వ్యవస్థ ప్రభావం’ – మూడేళ్లయినా తేలదు.

యేల్‌లో 1949లో మొదలైన మానవ సంబంధాల ఫైళ్లలో, వాటి ఆన్‌లైన్ రూపమైన ఈహెచ్‌ఆర్‌ఏఎఫ్‌లో, ఎథ్నోగ్రఫీలను పేరా పేరాకీ విషయసూచిక అంకెలు వేసి పెట్టారు. కాపురం ఎక్కడన్నది 591, విడిపోవడం 586, బంధుత్వ పదావళి 601. చందా కట్టిన లైబ్రరీలోనే తెరుచుకుంటుంది. లేకపోతే 2016లో వచ్చిన డీ-ప్లేస్ ఉచితం. అక్కడ పేరాలు ఉండవు, ఇదివరకే ఎవరో వేసిన కోడ్‌లుంటాయి. మొదటిసారి చేసేవాళ్లకు పేరాలే మేలు. వేరేవాళ్ల కోడ్‌ను నమ్మే ముందు కోడ్ వేయడం ఎంత కష్టమో చేతికి తెలియాలి.

మొత్తం 186 వద్దు. ఆ ఫైళ్లలోనే 60 సమాజాల శాంపిల్ ఒకటి ఉంది, లేదా 186లోంచి లాటరీ తీసి 30. నచ్చిన సమాజాలను ఎంచుకోవద్దు. నచ్చినవి ఎప్పుడూ మన సిద్ధాంతాన్ని సమర్థించేవే అయి ఉంటాయి. మొదట ఐదింటితో కోడ్ నియమాలు రాసుకోండి. తర్వాత ఇద్దరు విడివిడిగా, ఒకరినొకరు సంప్రదించకుండా కోడ్ చేయాలి. వీలైతే రెండోవారికి మీ ఊహ ఏమిటో చెప్పకండి. ఇద్దరి కోడ్‌లూ ఎంతవరకు కలిశాయో కప్పా గణాంకంతో (కాకతాళీయంగా కలిసే వంతు తీసేసి పొంతనను కొలిచే అంకె) చూడండి. 0.6 కంటే తక్కువ వస్తే తప్పు మనుషులది కాదు, నియమం వదులుగా ఉంది. తిరగరాసి మళ్లీ మొదలుపెట్టాలి. సాధారణంగా రెండుసార్లు తిరగరాయక తప్పదు, మూడు వారాల్లో వారం దానికే పోతుంది.

#18 · చిత్తుపుస్తకం

గణాంకి గారి పద్ధతికి ఈసారి ఎదురు చెప్పను, ఒకటి కలుపుతాను. ప్రతి గడికీ మూడు రకాల ఖాళీలు పెట్టుకోండి. పరిశోధకుడు వెతికి లేదని రాశాడు – అది 0. రచనలో ఆ ప్రస్తావనే లేదు – అది ప్రశ్నార్థకం. ఆ ప్రశ్న ఆ సమాజానికి వర్తించదు – అది అడ్డ గీత. ఆస్తి పంచుకునే వ్యవస్థే లేనిచోట ‘వారసత్వం ఎవరికి’ అన్నదానికి 0 వేస్తే అది అబద్ధం. మూడింటినీ ఖాళీగా వదిలేసిన పట్టికను కంప్యూటర్‌కి ఇస్తే, అది చాలాసార్లు ఖాళీని సున్నాగా చదివేస్తుంది, చదివానని చెప్పదు.

#19 · గణాంకి

నిజం. ఇంకో నిలువు వరస కూడా: ఆ కోడ్ ఏ పుటలోని ఏ వాక్యం చూసి వేశారో యథాతథంగా ఎత్తి రాయండి. రెండు వారాల తర్వాత మీ కోడ్ మీకే అర్థం కానప్పుడు తిరిగి వెళ్లడానికి అదొక్కటే దారి.